కళ్లు మంటలంటున్న అబ్బాయి, ఏమీ అనని అమ్మాయి

ప్రశ్న: మాది అనంతపురం. పదేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. బాబు సెకండ్ పీయూసీ, అంటే మన ఇంటర్ రెండో ఏడాది. సాయంత్రం 6 నుంచి రాత్రి 9.30 దాకా ఫోన్‌లోనే నీట్ ఆన్‌లైన్ క్లాసులు. నెల రోజులుగా కళ్లు మంటలు, నుదురు లాగుతోంది అంటున్నాడు. క్లాసు అయ్యాక కాసేపు దూరంగా ఉన్నవి మసకగా కనిపిస్తున్నాయట. పోయినేడు చూపిస్తే వాడికి సైటు లేదన్నారు. ఇద్దరు పిల్లలకీ బ్లూకట్ అద్దాలు, అంటే నీలి కాంతిని ఆపే పూత ఉన్నవి, కొన్నాం, వాడికి ఏమీ తగ్గలేదు. ల్యాప్‌టాప్ కొంటే మంచిదా? ఏం చుక్కలు వేయాలి? పాపకు 9 ఏళ్లు. వారంలో నాలుగు రోజులు సాయంత్రం 5 గంటలకు లెక్కల ట్యూషన్, శని, ఆదివారాలు తెలుగు క్లాసు, అన్నీ ట్యాబ్‌లోనే. తను ఏ ఇబ్బందీ చెప్పదు. అద్దాలు మాత్రం మైనస్ 0.75 నుంచి ఏడాదిలో మైనస్ 1.75 అయ్యాయి. అద్దాలు అస్తమానం పెడితే సైటు ఇంకా పెరుగుతుందని మా అత్తగారు తీయించేస్తుంటారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ దిగులంతా బాబు గురించే ఉంది. మా దిగులు పాప గురించి. బాబుది అలసట. కూర్చునే తీరు మారిస్తే రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గే బాధ. పాపది కంటి ఎదుగుదలకు సంబంధించిన సంగతి. ఒకసారి పెరిగిన మైనస్ పవర్ వెనక్కి రాదు. రెండింటికీ తెరనే తిట్టుకుంటాం గానీ, కారణాలు వేరు, చేయాల్సిన పనులు వేరు. బాబు సంగతి ముందు చెబుతాం, ఎందుకంటే అందులో సగం ఈ సాయంత్రం క్లాసుకే మార్చేయొచ్చు.

కంటి లోపల కటకం చుట్టూ ఉంగరంలా ఒక చిన్న కండరం ఉంటుంది. దూరం చూసేటప్పుడు అది వదులుగా ఉంటుంది. దగ్గరిది చూడాలంటే బిగుసుకుంటుంది, అప్పుడు కటకం ఉబ్బుతుంది. ఎంత బిగుసుకోవాలో ఇంట్లోనే లెక్క కట్టొచ్చు. కంటికీ తెరకీ మధ్య దూరాన్ని టేపుతో సెంటీమీటర్లలో కొలిచి, 100ని ఆ అంకెతో భాగించండి. వచ్చేది డయాప్టర్లు, అంటే అద్దాల చీటీలో పవర్ రాసే కొలతే. ఫోన్ 20 సెంటీమీటర్లలో ఉంటే 5 డయాప్టర్లు. ల్యాప్‌టాప్ 60 సెంటీమీటర్లలో ఉంటే 1.7 కూడా కాదు. టీవీ మీటరున్నర దూరంలో ఉంటే 0.7 లోపే. పదిహేడేళ్ల కన్ను 5 డయాప్టర్ల బరువు ఇట్టే ఎత్తగలదు. దాన్ని మూడున్నర గంటలు దించకుండా పట్టుకోవడమే కష్టం. నీళ్ల బిందె ఎత్తడం ఎవరికైనా వచ్చు, చంకన పెట్టుకుని అరగంట నిలబడితే తెలుస్తుంది. క్లాసయ్యాక దూరం మసకబారడం కూడా దీనివల్లే కావొచ్చు. బిగుసుకున్న కండరం వెంటనే వదులవదు. కొన్ని నిమిషాల్లో సర్దుకుంటే అలసట కింద లెక్క. మర్నాడు పొద్దున కూడా మసకగానే ఉంటే మటుకు సైటు వచ్చిందేమో చూపించాలి.

ల్యాప్‌టాప్ కొనే ముందు ఇంట్లో టీవీ ఉందేమో చూసుకోండి. ఆరున్నర అంగుళాల ఫోన్ అడ్డంగా తిప్పి పెడితే బొమ్మ ఎత్తు సుమారు 7 సెంటీమీటర్లు. 32 అంగుళాల టీవీలో అదే బొమ్మ ఎత్తు 40 సెంటీమీటర్లు. అంటే ఫోన్‌ను పాతిక సెంటీమీటర్లలో పట్టుకుంటే బోర్డు మీది అక్షరం ఎంత పెద్దగా కనిపిస్తుందో, టీవీని దాదాపు మీటరున్నర నుంచి చూసినా అంతే కనిపిస్తుంది. కండరం మీద భారం మాత్రం 4 డయాప్టర్ల నుంచి 0.7కు పడిపోతుంది. పెద్ద ఖర్చు లేకుండా ఇంత లాభం మరి దేనిలోనూ రాదు.

ఫోన్‌ను టీవీకి కలపడంలో రెండు చోట్ల తేడా వస్తుంది. టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కేబుల్ కొనేముందు ఫోన్ దానికి పనికొస్తుందో లేదో అడగండి, తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో ఆ పిన్ను నుంచి బొమ్మ బయటికి రాదు. స్మార్ట్ టీవీ అయితే కేబుల్ అక్కర్లేదు, ఫోన్ బొమ్మను టీవీకి పంపే ‘కాస్ట్’ నొక్కితే చాలు. మామూలు టీవీ అయితే హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టే స్టిక్ ఏదైనా కావాలి. కాస్ట్ చేసినప్పుడు గొంతు ఒక క్షణం వెనకబడొచ్చు, క్లాసుకు అది అడ్డం కాదు. రెండోది, మన ఇళ్లలో టీవీని గోడ మీద మరీ ఎత్తుగా బిగిస్తారు. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి, పైగా కన్ను పెద్దగా తెరుచుకుని తొందరగా ఆరిపోతుంది. దాన్ని కిందికి దించి బల్ల మీద పెట్టండి. నోట్సు రాసే పుస్తకం 40 సెంటీమీటర్ల దూరంలో, విడిగా ఒక దీపం కింద. టీవీ చూడటం, తల దించి రాయడం, మళ్లీ చూడటం, ఇలా దూరం మారుతూ ఉంటే కండరానికి తరచూ విశ్రాంతి దొరుకుతుంది.

టీవీ కుదరకపోతే ల్యాప్‌టాప్ మంచిదే. చెయ్యి చాపితే వేళ్లు తెరకు తగిలేంత దూరం, అంటే 50 నుంచి 70 సెంటీమీటర్లు. తెర పై అంచు కంటి మట్టానికి సమానంగానో కాస్త కిందనో ఉండాలి. చూపు కొంచెం కిందికి వాలితే పై రెప్ప కంటిని ఎక్కువ కప్పుతుంది, తడి నిలుస్తుంది. ఒళ్లో పెట్టుకుని, మంచం మీద పడుకుని చూస్తే ఈ కొలతలన్నీ దండగే.

ఇక మంట. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లు ఆ ప్రాంతంలో రెప్ప వేస్తాం. తెర చూస్తున్నప్పుడు అది అయిదారుకు పడిపోతుంది, అవి కూడా సగం సగం రెప్పలే. కంటి మీది నీటిపొర పైన సన్నటి నూనె పొర ఒకటి ఉంటుంది, అది నీరు ఆవిరి కాకుండా ఆపుతుంది. ఆ నూనె రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి రావాలి, రెప్ప పూర్తిగా మూస్తేనే అది పరుచుకుంటుంది. రెప్ప పడకపోతే పొర చిట్లుతుంది, కన్ను మండుతుంది. ఒక్కోసారి ఆ మంటకే కళ్లలో నీళ్లు కారతాయి. నీళ్లు వస్తున్నాయి కదా, పొడిబారడం ఎక్కడిది అనుకుంటారు గానీ, కారేది పొడిబారిన దానికి స్పందనగా ఊరే నీరు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బెంగళూరు గాలి బాగా పొడిగా ఉంటుంది. దానికి టేబుల్ ఫ్యాన్ ముఖానికి ఎదురుగా పెడితే చెప్పక్కర్లేదు. ఫ్యాన్ గాలి కాళ్ల వైపు తిప్పండి. సీలింగ్ ఫ్యాన్ సరిగ్గా కిందే కూర్చుంటే కుర్చీ పక్కకి జరపండి. టీచరు బోర్డు తుడిచినప్పుడల్లా కళ్లు మెల్లగా పూర్తిగా మూసి, ఒకటి రెండు లెక్కపెట్టి తెరవమని బాబుకు చెప్పండి. గుర్తు ఒకటి ఉంటేనే ఈ అలవాటు నిలుస్తుంది, ఊరికే రెప్ప వెయ్యి అంటే పది నిమిషాల్లో మర్చిపోతాడు.

చుక్కల గురించి అడిగారు. కన్నీటికి బదులుగా వాడేవి, అంటే కార్బాక్సీమిథైల్‌సెల్యులోజ్ 0.5 శాతం లాంటివి, క్లాసుకు ముందు ఒకటి, మధ్యలో ఒకటి వేసుకోవచ్చు. రోజుకు నాలుగుసార్లు మించి అవసరమవుతుంటే నిల్వమందు (చుక్కలు చెడిపోకుండా కలిపేది) లేని రకం అడగాలి, నిల్వమందే మంట పెట్టగలదు. మూత తీసిన నెల తర్వాత సీసా పారేయండి. తెరిచిన తేదీ పెన్నుతో దాని మీద రాసి ఉంచితే గొడవ ఉండదు. మందుల షాపులో కళ్లు ఎర్రబడ్డాయని అడిగితే ఇచ్చే చుక్కలు మాత్రం తీసుకోవద్దు. వాటిలో కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. వేయగానే హాయిగా ఉంటుంది, అందుకే మళ్లీ మళ్లీ కొంటారు. నెలల తరబడి వాడితే కంటి లోపలి ఒత్తిడి చప్పుడు లేకుండా పెరిగి చూపు నరం దెబ్బతింటుంది, శుక్లం కూడా రావొచ్చు. పిల్లల విషయంలో ఇది మరీ ప్రమాదం. ఇంటి వైద్యం పేరుతో తేనె, పాలు, గులాబీ నీళ్లు కూడా కంట్లో వేయకండి. శుభ్రమైన గుడ్డను చేతికి ఓర్చుకునేంత వేడి నీళ్లలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద అయిదు నిమిషాలు పెడితే ఆ నూనె గ్రంథులకు మంచిది.

మంటతో పాటు దురద ఉందా అని బాబును అడగండి. దురద ఉండి కళ్లు నలుపుకుంటుంటే అది తెర వల్ల కాకపోవచ్చు, ఎలర్జీ అయ్యే అవకాశం ఎక్కువ. దుమ్ము, పుప్పొడి బెంగళూరులో తక్కువేమీ కాదు. ఏళ్ల తరబడి గట్టిగా నలిపితే కొందరిలో కంటి ముందు పొర పల్చబడి శంకువులా ముందుకు వస్తుంది. ఎలర్జీకి వేరే చుక్కలున్నాయి, డాక్టరు రాస్తారు.

ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల అవతలకి, ఇరవై సెకండ్లు చూడమనే మాట వినే ఉంటారు. రెండు గదుల అద్దె ఇంట్లో ఇరవై అడుగులు, అంటే ఆరు మీటర్లు, ఎక్కడ దొరుకుతుంది? బాల్కనీలోంచి ఎదుటి భవనం నీళ్ల ట్యాంకు, కిటికీలోంచి కరెంటు స్తంభం, అదీ లేకపోతే హాలు ఈ చివర నుంచి వంటగది ఆ చివర. కూర్చునే చోటు అలాంటిదేదైనా కనిపించేలా ఎంచుకోండి. అసలు తప్పు జరిగేది క్లాసుకూ క్లాసుకూ మధ్య పది నిమిషాల్లో. టీవీ ఆగగానే ఫోన్ చేతిలోకి వస్తుంది, రీల్స్ మొదలవుతాయి. అది కంటికి విరామం కాదు, ఇంకా దగ్గరి పని. ఆ పది నిమిషాలు ఫోన్ వంటగదిలో ఉండాలి, అబ్బాయి బాల్కనీలో ఉండాలి.

వెలుతురు గురించి చిన్న పరీక్ష చాలు. తెర పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. తెర దీపంలా వెలిగితే ఎక్కువ, బూడిద రంగులో కనిపిస్తే తక్కువ. తెర ఆపేసి చూస్తే నల్లటి అద్దంలో ట్యూబ్‌లైట్ గానీ కిటికీ గానీ కనిపిస్తే కుర్చీ తిప్పండి. గది చీకటి చేసి చూడటం వద్దు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొందరికి హాయిగా ఉంటాయి, కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేక సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకు మాత్రం అక్షరాల అంచులు చెదిరినట్టు కనిపిస్తాయి. వాడికి ఏది నచ్చితే అది.

బ్లూకట్ అద్దాలతో తగ్గకపోవడంలో ఆశ్చర్యం లేదమ్మా. వైద్య ప్రయోగాల ఫలితాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023లో 17 ప్రయోగాలను కలిపి పరిశీలిస్తే, ఈ పూత వల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు. తెర నుంచి వచ్చే నీలి కాంతి పగటి వెలుగులో ఉన్నదాంతో పోలిస్తే చాలా కొద్ది. రాత్రి పొద్దుపోయాక తెర వెలుగు నిద్రను దూరం చేస్తుందన్నది నిజమే, దానికి మందు పడుకునే గంట ముందు తెర ఆపడం. కొన్న అద్దాలు పారేయక్కర్లేదు, వాటివల్ల హాని లేదు. మళ్లీ మాత్రం దానికోసం డబ్బు పెట్టకండి.

ఇవన్నీ మూడు వారాలు చేసినా నుదురు నొప్పి తగ్గకపోతే బాబును కంటి డాక్టరుకు చూపించాలి. సైటు లేదన్నారు కదా అని ఊరుకోవద్దు. ప్లస్ పవర్ ఉన్న పిల్లలు కండరాన్ని బిగించి దూరపు అక్షరాలన్నీ చదివేస్తారు, పవర్ బయటపడదు. వాళ్లకు దగ్గరి పనిలో భారం ఇంకా ఎక్కువ. పెన్సిలు మొనను ముక్కు దగ్గరికి మెల్లగా తెస్తూ ఎక్కడ రెండుగా కనిపిస్తోందో అడగండి. ముక్కుకు ఇంకా పది సెంటీమీటర్ల కన్నా దూరంలో ఉండగానే ప్రతిసారీ రెండైపోతుంటే, కళ్లు రెండూ లోపలికి కలవడంలో బలహీనత ఉండొచ్చు. దానికి నేర్పించి చేయించే వ్యాయామాలున్నాయి, బాగా పనిచేస్తాయి.

ఇప్పుడు పాప. మైనస్ పవర్ అంటే కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండాల్సినదానికన్నా పొడవు పెరగడం. ఒక మిల్లీమీటరు ఎక్కువ పెరిగితే సుమారు రెండున్నర డయాప్టర్లు. నొప్పి ఉండదు, మంట ఉండదు, అందుకే పిల్ల ఏమీ చెప్పదు. ఏడాదిలో ఒక పూర్తి డయాప్టరు అంటే వేగమే. ఇకపై ఏడాదికి 0.75 చొప్పున పెరిగినా 14 ఏళ్లకు మైనస్ 5.5 అవుతుంది. మైనస్ 6 దాటిన కళ్లలో పెద్దయ్యాక రెటీనా (కంటి వెనక బొమ్మ పడే పొర) చిరగడం, ఊడడం లాంటి ముప్పులు పెరుగుతాయి. మేం కంగారు పడేది మందపాటి అద్దాల గురించి కాదు, దాని గురించి.

అయితే ముందు ఆ మైనస్ 1.75 నిజమేనా తేల్చుకోవాలి. అద్దాల షాపులో గడ్డం ఆనించి చూసే యంత్రం పిల్లల విషయంలో తరచూ ఎక్కువ మైనస్ చూపిస్తుంది. దగ్గరగా ఉన్న పెట్టెలోకి చూస్తున్నప్పుడు పిల్ల కండరం బిగిస్తుంది, ఆ బిగింపు పవర్‌లో కలిసిపోతుంది. అందుకే కంటిపాప విప్పారే చుక్కలు వేసి, కండరం వదులయ్యాక కొలవాలి. ఆస్పత్రిలోనే చేయించండి. చుక్కల తర్వాత వెలుతురు గుచ్చుకున్నట్టు ఉంటుంది, దగ్గరి అక్షరాలు కనిపించవు. మందును బట్టి ఇది ఒక రోజు నుంచి రెండు మూడు రోజులు ఉంటుంది. కాబట్టి శుక్రవారం సాయంత్రమో శనివారమో వెళ్లండి, పరీక్షల వారంలో వద్దు, టోపీ ఒకటి తీసుకెళ్లండి. కంటి పొడవు కూడా కొలిచి కాగితం మీద రాసిమ్మని అడగండి. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు పెరుగుదల ఎంతో దాంతోనే సరిగ్గా తెలుస్తుంది. బెంగళూరులో ప్రభుత్వ మింటో కంటి ఆస్పత్రి 1896 నుంచీ ఉంది, చామరాజపేటలో, కె.ఆర్. మార్కెట్ మెట్రో స్టేషనుకు దగ్గర. నారాయణ నేత్రాలయ లాంటి పెద్ద ఆస్పత్రులకు పిల్లల కంటి విభాగాలు వేరుగా ఉన్నాయి.

మీ అత్తగారికి ఇలా చెప్పి చూడండి. అద్దాలు పెట్టినందువల్ల సైటు పెరగదు, పెరిగే వయసులో పెట్టుకున్నాం కాబట్టి అలా అనిపిస్తుంది. ఉన్న పవర్ కన్నా తక్కువ అద్దాలు ఇచ్చి చూసిన ప్రయోగాల్లో పవర్ నెమ్మదించలేదు, మలేసియాలో 2002లో అలా చేస్తే ఇంకాస్త ఎక్కువే పెరిగింది. లేచినప్పటి నుంచి పడుకునే దాకా సరైన పవర్ అద్దాలు ఉండాలి. క్యారెట్లు పెట్టడం మంచిదే, రేచీకటికి పనికొచ్చే విటమిన్ అందులో ఉంది, మైనస్ పవర్ మాత్రం వాటితో తగ్గదు.

పాపకు అన్నిటికన్నా కరువైనది పగటి వెలుతురు. వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. ట్యూబ్‌లైట్ గదిలో వందల లక్స్ ఉంటే, బయట చెట్టు నీడలో కూడా వేల లక్స్ ఉంటుంది. ఆ వెలుతురు తగిలినప్పుడు రెటీనాలో డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుంది, అది కనుగుడ్డు సాగడాన్ని అదుపు చేస్తుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలను బడిలో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచితే, మూడేళ్లలో సైటు వచ్చిన పిల్లలు 30.4 శాతం, ఉంచని బడుల్లో 39.5 శాతం. తైవాన్‌లో 2010 నుంచి బడుల్లో రోజుకు 120 నిమిషాలు బయట ఉంచే పద్ధతి పెట్టారు. ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆరుబయలు సైటు రాకుండా ఆపడంలో బాగా పనిచేస్తుంది, వచ్చినదాన్ని నెమ్మది చేయడంలో అంతగా కాదు. అయినా వదలొద్దు, ఎలాగూ పిల్లకు ఆట కావాలి.

రోజుకు దాదాపు రెండు గంటలు ఎక్కడ దొరుకుతాయంటే, ముక్కలుగా. బస్సు కోసం నిలబడే పావుగంట, బడిలో మధ్యాహ్నం గ్రౌండులో అరగంట, సాయంత్రం గంట. మీ ఇంట్లో ఆ చివరి గంటనే 5 గంటల ట్యూషన్ మింగేస్తోంది. బెంగళూరులో పొద్దు డిసెంబరులో 6 ప్రాంతంలోనే కుంకుతుంది, జూన్‌లో 6.45 ప్రాంతంలో. ట్యూషన్‌ను 6.45 తర్వాతకి జరిపించండి. టీచరు ఒప్పుకోకపోతే టీచర్ని మార్చుకున్నా తప్పు లేదని మా అభిప్రాయం. మీ ఊరి వాతావరణం మీకు కలిసొచ్చేదే, ఏప్రిల్ ఎండలో తప్ప పిల్లలు ఎప్పుడైనా బయట ఉండగలరు. పార్కు లేకపోతే మేడ మీద తాడాట చాలు, ఎండలోనే ఉండాలని లేదు.

మందు విషయానికొస్తే, అట్రోపిన్ 0.01 శాతం చుక్కలు రాత్రి పడుకునే ముందు ఒక్కో చుక్క వేస్తారు. సింగపూర్ ప్రయోగాలతో ఇది వాడుకలోకి వచ్చింది. హాంకాంగ్ ప్రయోగంలో 0.05 శాతం ఇంకా బాగా పనిచేసింది, దానికి కాస్త వెలుతురు గుచ్చుకోవడం ఎక్కువ. ఏ మోతాదో డాక్టరే నిర్ణయించాలి. కనీసం రెండేళ్లు వాడాల్సి రావొచ్చు, మధ్యలో సొంతంగా ఆపకూడదు. అంచుల్లో పవర్ వేరుగా ఉండేలా చేసిన ప్రత్యేక అద్దాలూ వచ్చాయి, ఖరీదు ఎక్కువ. ఇవి వేగాన్ని తగ్గించేవే గానీ ఉన్న పవర్‌ను తీసేసేవి కావు. ఆ భరోసా ఎవరైనా ఇస్తే అక్కడి నుంచి వచ్చేయండి.

తెర ముందు ఎంతసేపు అంటే, కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు 30–45 నిమిషాల చొప్పున రెండు క్లాసులు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు క్లాసులు మించొద్దన్నాయి. కరోనా కాలపు బడుల కోసం చెప్పినవే అయినా ట్యూషన్లకూ అదే కొలత పెట్టుకోవచ్చు. బాబుకు మూడున్నర గంటలంటే ఆ అంచు దాటినట్టే, అందులో ఒకటి రికార్డు చేసినదైతే పగటికి మార్చండి.

ఇద్దరిలో ఎవరికైనా ఒక కన్ను హఠాత్తుగా మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, మెరుపులు గానీ నల్ల చుక్కల వాన గానీ కనిపించినా, మెల్లకన్ను కొత్తగా వచ్చినా, పొద్దున్న లేవగానే తలనొప్పితో వాంతులు అవుతున్నా, మేం చెప్పిన మూడు వారాలూ ఆగకండి. అదే రోజు ఆస్పత్రికి.

చివరగా పాప తెలుగు క్లాసు. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే సైజు తెలుగుకు చాలదు. కింద ఒత్తు ఉందా, పైన గుడి ఉందా, ఏత్వమా ఓత్వమా అని పోల్చుకోవడానికి పిల్ల ట్యాబ్ మీదికి వంగిపోతుంది, పది సెంటీమీటర్లకు కూడా. ‘ఘ’కూ ‘ఫ’కూ తేడా చిన్న తెర మీద పెద్దవాళ్లకే తెలియదు. పాఠం పేజీలు ముందు రోజే పంపమని టీచరమ్మను అడిగి, జిరాక్స్ షాపులో 20 పాయింట్ల అక్షరాల్లో ప్రింటు తీయించండి. ట్యాబ్‌ను టీచరు గొంతు వినడానికి మాత్రమే బల్ల మీద దూరంగా పెట్టండి. కాగితం మోచేతి నుంచి పిడికిలి దాకా ఉండే దూరం కన్నా దగ్గరికి రాకూడదు, పాపకు ఆ కొలత తన చేత్తోనే చూపిస్తే గుర్తుంటుంది. గుణింతాలు దిద్దడానికి పలక ఇవ్వండి, వీలైతే బాల్కనీలో.